మోషే మోకాలు

కౌకూర్‌లో మోషే మోట తోలుతుంటే అతని పాట పక్క చేలదాకా వినిపించేది. పెళ్లయిన కొత్తలో సారమ్మ అంబలి పట్టుకెళ్లి, ఆ పాట ముగిసేదాకా గట్టు మీదే నిలబడేది. ఆ రోజులు తలచుకుంటే ముసలితనంలోనూ ఆమె ముఖం విచ్చుకునేది.

ప్రపంచ యుద్ధం, ఊరివాళ్ల మాటలో లడాయి, నడుస్తున్న కాలంలో, ఒక వానాకాలం, మోషే బావి ఒడ్డున జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నాటువైద్యుడు వెదురుబద్దలతో కట్టుకట్టాడు. కట్టు విప్పేసరికి ఎముక అతికింది గానీ తొడ కట్టెపుల్లలా అయిపోయింది. కర్ర సాయంతో నడిచేవాడు, కానీ మోకాలు తిన్నగా చాపడానికి వచ్చేది కాదు.

కట్టు విప్పాక వచ్చిన మొదటి ఆదివారం చర్చిలో అందరితోపాటు మోకరించాడు. అందరూ లేచారు, మోషే లేవలేదు. పాట అయింది, ప్రసంగమూ అయింది. అతను తల వంచుకుని అలాగే ఉన్నాడు.

సంఘపెద్ద సత్యానందం కళ్లు తుడుచుకుని, "సూడుండ్రి, పార్థనంటే గట్ల జెయ్యాలె!" అన్నాడు.

అందరూ వెళ్లాక సారమ్మ దగ్గరికొచ్చింది. "ఇగ లెవ్వయ్యా. ఆకలైతలేదా?"

"లేసేటట్టుంటే ఎప్పుడో లేస్తుంటి. మోకాలు నిలవడ్తలేదే," అన్నాడు మోషే, సిగ్గుతో కుంచించుకుపోతూ.

సారమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చంకల కింద చేతులేసి లేపింది.

మర్నాడు బండి కట్టించుకుని బొల్లారం దవాఖానాకు తీసుకెళ్లింది. అక్కడి నర్సమ్మ తొడ ముందుభాగం తడిమి చూసింది. "మోకాలును సాపు జేసేది గీ కండనే. మంచంల పండి పండి సన్నబడ్డది. రోజూ పని జెప్పుండ్రి," అంది.

రోజూ పొద్దున్నే సారమ్మ అతని మోకాలి కింద గొంగడి చుట్టి పెట్టి, దాన్ని కిందికి అదమమనేది. తొడ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది.

"సచ్చిన కండకు ఏం పని జెప్తవే?" అని విసుక్కునేవాడు మోషే.

"సచ్చిందని ఎవలు జెప్పిన్రు? నా చేతికింద కదుల్తాంది!"

అతను చాలిస్తానన్నప్పుడల్లా ఆమె కావాలనే మోటపాట తప్పుగా ఎత్తుకునేది. వినలేక మోషే అందుకుని సరిచేసేవాడు. పాట అయ్యేదాకా గొంగడిని అదుముతూనే ఉండేవాడు.

క్రిస్మస్ నాడు చర్చిలో మోకరించినవాడు కర్ర ఆనించి, ఎవరి సాయమూ లేకుండా లేచాడు.

"ఏందిర మోషే, గంత జల్దీ లేసినవ్? భక్తి తగ్గిందా?" అన్నాడు సత్యానందం. సారమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

చిన్న కుంటు మాత్రం మిగిలిపోయింది. మేడ్చల్ అంగడికి వెళ్లేటప్పుడు ఎత్తు ఎక్కాల్సిన ప్రతిచోటా మోషే ఆగేవాడు. సారమ్మ గంప దించి పక్కన కూర్చునేది. పొలంలో, ఇంట్లో వాళ్లకు మాటలకు తీరికేది? తీరుబడిగా కబుర్లు చెప్పుకున్నదంతా ఆ దారిలోనే.