తెరతో తగువు

గొడవ మావయ్య తెరమీది మనుషులతో పోట్లాడతాడు. మామూలుగా కాదు, కుర్చీలోంచి లేచి, వేలు చూపించి మరీ. ఎన్నో పెద్ద సినిమాలకు ఎడిటర్ ఆయన. కొమ్ములు తిరిగిన హీరోలంతా చీకటి ఎడిటింగ్ గదిలో ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే. "తలుపు తీయడానికి అంత పోజెందుకురా? వచ్చింది పాలవాడు!" అంటూ ఆ పోజు కాస్తా కోసేసేవాడు. హాల్లో హీరో తలుపు తీయగానే ఈలలు పడేవి.

మొదటి సినిమా తీస్తున్న దర్శకుడికి ఇదంతా సరదాగానే ఉండేది. తల్లి వేషం వేసిన ముసలి నటిని కూడా ఆయన తిట్టేసరికి మాత్రం ఒళ్లు మండింది.

కొడుకు దొంగతనం ఒప్పుకునే సీనులో తల్లి వాణ్ణి కడిగిపారేయాలి. ఆవిడ ఏ టేకులోనూ డైలాగు సగం దాటలేదు. "రేపు చూస్తా. బాగాలేకపోతే ఆవిణ్ణి పీకేసి ఇంకొకరితో తీద్దాం" అన్నాడు నిర్మాత. సభల్లో ఆవిడకు వంగి వంగి దండాలు పెట్టేదీ ఈయనే. దండాలకు ఖర్చుండదు కదా.

గదిలో మావయ్య విరుచుకుపడుతున్నాడు. "నోరు విప్పవమ్మా! అదిగో, మళ్లీ కిందికే చూస్తోంది! నీతో వేగలేక చస్తున్నా!"

"పెద్దావిణ్ణి అలా తిట్టకండి మావయ్యా!" దర్శకుడు పళ్లు కొరికాడు.

"నువ్వు నోర్ముయ్! ఇది మా ఇద్దరి గొడవ. నువ్వు 'కట్' అన్నాక కూడా కెమెరా తిరిగిందే, ఆ ముక్కలేవీ?"

"అవి పారేసేవి కదండీ?"

"పారేయడానికి నువ్వెవడివి?"

మర్నాడు నిర్మాత చూశాడు. తెరమీద కొడుకు తప్పు ఒప్పుకున్నాడు. తల్లి నోరు తెరిచింది. మాట రాలేదు. మెల్లిగా తల దించుకుంది. దర్శకుడు ఆ క్షణాన్ని గుర్తుపట్టాడు. తాను విసుగ్గా "కట్" అని అరిచాక, ఆవిడ సిగ్గుతో చితికిపోయిన క్షణమది. తనమీద తనకే కోపం ముంచుకొచ్చింది.

నిర్మాత గొంతు సవరించుకున్నాడు. "ఈవిణ్ణి తీసేద్దామన్న గాడిద ఎవడయ్యా?"

"అద్దం తెప్పించమంటారా?" అన్నాడు మావయ్య.

మధ్యాహ్నం ఆవిడే వచ్చి గుమ్మంలో నిలబడింది. "డైలాగు మర్చిపోయాను బాబూ. సీను పాడుచేశానేమో. నన్ను తీసేశారా?"

మావయ్య కస్సుమని లేచాడు. "మర్చిపోయారని ఎవరన్నారు? ఆ డైలాగు నేనే కోసిపారేశా. ఏ తల్లయినా అంత ఉపన్యాసం దంచుతుందా? వీడు రాశాడు, వీణ్ణడగండి!"

దర్శకుడు నిర్ఘాంతపోయాడు. రాసింది అతను కాదు. ఆ మాటే అనబోయి, మావయ్య కళ్లు చూసి మింగేశాడు.

"క్షమించండమ్మా. నాకు రాయడం చేతకాలేదు."

ఆవిడ మొహం విప్పారింది. లోపలికొచ్చి అతని భుజం తట్టింది.

"పరవాలేదు నాయనా, కుర్రవాడివి. మెల్లిగా నేర్చుకుంటావులే."