బొమ్మల కొలువులో ఉత్తర కొరియా

దసరా బొమ్మల కొలువులో అట్టడుగు మెట్టు మీద ఉత్తర కొరియా విమానాలు పెట్టింది నేను కాదు, మా ఆయన. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని అయిదు కట్టాను. మన దేశం నుంచి లగేజీలో తెచ్చుకున్న బొమ్మలేమో నాలుగింటికే సరిపోయాయి. "అయిదోది నాకొదిలెయ్" అంటూ ఆయన తన ప్లాస్టిక్ సైన్యాన్ని దింపారు.

ఆ సైన్యం ఆయన పిచ్చి. ఎవరినీ లోపలికి రానివ్వని దేశమట. మిగతావాళ్ళు మ్యూజియాల్లో పెట్టేసిన విమానాలు అక్కడ ఇంకా ఎగురుతాయట. పరేడ్ వీడియోలు ఆపి ఆపి చూసి, కిట్లు తెప్పించుకుని, అతికించి రంగులు వేస్తారు. రెక్కలకు గుడ్డ తొడిగిన పాతకాలపు విమానం ఒకటి, పైన ఆకుపచ్చ, కింద నీలం. వెండి రంగు మిగ్-21 ఒకటి. బోలెడు చక్రాల లారీ మీద పడుకోబెట్టిన క్షిపణి ఒకటి. విమానాల రెక్కల మీద ఎర్ర నక్షత్రాలు.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పక్క ఫ్లాటాయన గుడ్ మార్నింగ్ చెబితే ఈయనకి మాతో ఏం పనిబడిందో అనుకునే రకాన్ని. పైగా ఇక్కడ మా సిటిజన్‌షిప్ అప్లికేషన్ పరిశీలనలో ఉంది. మా గురించి ఎవరు ఎక్కడ ఆరా తీస్తున్నారో తెలియదు.

"తీసెయ్యండి. ఎవరైనా చూసి ఏమైనా చెబితే సిటిజన్‌షిప్ గోవిందా" అన్నాను.

"పేరంటానికి వచ్చేవాళ్ళకి మిసైల్ గురించి ఏం తెలుస్తుంది, శనగలు చూసుకుంటారు గానీ" అని నవ్వేశారు.

వచ్చినవాళ్ళలో ఒకావిడ మాకు కొత్త. ఎన్నో ఏళ్ళుగా వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో డాక్టరు, నా స్నేహితురాలి వెంట వచ్చారు. అమ్మవారి వంక సరిగ్గా చూడనైనా లేదు. తిన్నగా అట్టడుగు మెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని మిగ్‌ని ఫొటోలు తీశారు, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి.

"ఇవి ఎవరు చేశారమ్మా?"

"మా వారు ఆంటీ. ఊరికే, టైంపాస్‌కి."

"ఎక్కడ వర్క్ చేస్తారు?"

"ఏదో ఐటీలో" అని శనగల పొట్లం చేతిలో పెట్టేశాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

మర్నాడు ఆవిడ ఫోన్ చేశారు. "సాయంత్రం మీ హస్బెండ్ ఇంట్లో ఉంటారా? ఆయనతో చిన్న పనుంది. ఇంకొకరిని కూడా తీసుకొస్తాను." ఆ ఇంకొకరు ఎవరో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పండగ అయ్యేదాకా కొలువు కదపకూడదంటారు. కదిపాను. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, సైన్యాన్నంతా బియ్యం డబ్బాలో దాచి, ఆ మెట్టు మీద అరటిపళ్ళు పేర్చాను. మా ఆయన ఈసారి నవ్వలేదు. ల్యాప్‌టాప్‌లో వీడియోలు తుడిచేస్తూ కూర్చున్నారు.

తలుపు తీస్తే డాక్టరుగారి పక్కన వాకర్ పట్టుకుని ఒక ముసలావిడ. "మా అమ్మ" అన్నారు డాక్టరుగారు. ఆవిడ మెల్లగా కొలువు దాకా నడిచి అరటిపళ్ళ వంక చూశారు.

"ఏదే? లేదుగా" అన్నారు కూతురితో.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మా అన్నయ్య మన ఎయిర్‌ఫోర్స్‌లో ఇదే మిగ్ నడిపేవాడు. కూలిపోయింది, బయటికి రాలేకపోయాడు. ఫొటో చూపించిన దగ్గర్నుంచీ చేత్తో పట్టుకుని చూడాలని అమ్మ ఒకటే గొడవ."

నాకు తల కొట్టేసినట్టయింది. వంటింట్లోకి వెళ్ళి మిగ్‌ని తీసి, అంటుకున్న బియ్యం దులిపి తెచ్చి, ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టాను. ఎర్ర నక్షత్రాన్ని ఆవిడ పట్టించుకోలేదు. ముక్కు నుంచి తోక దాకా వేలితో తడిమి, మళ్ళీ ముందుకొచ్చి గాజు మూత దగ్గర ఆగారు.

"ఇక్కడేనా కూర్చునేది?"

"ఇక్కడేనండీ అమ్మమ్మగారూ" అన్నారు మా ఆయన, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని.

"తలుపేది?"

"ఈ మూతేనండీ. పక్కకి తెరుచుకుంటుంది."

ఆవిడ గోటితో మూత ఎత్తబోయారు. అది జిగురుతో అతికించేసింది. ఆవిడ ఇంకో వైపు నుంచి కూడా ప్రయత్నించి తలెత్తారు.

"తెరుచుకోవట్లేదు నాయనా" అన్నారు.