పన్నెండు గాజుగొట్టాలు

“ఫ్రిజ్‌లో పాప డబ్బా ఉండాది. దాని జోలికి పోబాక.”

“నీ కూతురి పురుగుల్ని నేనేమన్నా పులుసు పెడతానా? పోయి మోటారు చూసుకో.”

నా మొగుడూ నేనూ మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే. నవ్వుకుంటూ చేనుకు పోయాడు. మోటారు షెడ్డు దగ్గర కూలిపోయాడని పొద్దెక్కక ముందే కబురొచ్చింది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా తమ్ముడు రాస్తున్నాడు.

మా అమ్మాయికి మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ ఆఖరు సంవత్సరం. తిరువాలంగాడులో రైలెక్కి కాలేజీకి పోయి వస్తుంది. “డాక్టరూ కాదంట, నర్సూ కాదంట, ఇంకేం చదువే అది?” అని ఊళ్లో ఆడవాళ్లు నన్ను దెప్పేవాళ్లు. ఆయన మాత్రం కూతురు అడిగిందని వేరుశనగ చెట్లను మట్టితో సహా పెరికి, గోనెసంచిలో కాలేజీ దాకా మోశాడు. ఆ వేళ్ల బుడిపెల్లో కంటికి కనబడని పురుగులుంటాయట, పైరుకు బలమిచ్చేవి అవేనట. వాటిని గాజుగొట్టాల్లో పెంచింది. సెలవుల్లో కాలేజీలో కరెంటు ఆపేస్తారని ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. తిరువళ్లూరు పక్కన జీవ ఎరువులు చేసే కంపెనీవాళ్లు, ఈ పని ముగించుకుని వస్తే ల్యాబులో ఉద్యోగం చూస్తామన్నారు.

ఆయన పోయిన పదకొండో రోజు ఇల్లు కడిగాం. చావు జరిగిన ఇంట్లో పులిసిన పిండి, పెరుగు, ఊరగాయ ఏదీ ఉంచకూడదు. మా ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి, “వదినా, ఫ్రిజ్‌లో ఉండేది కూడా పారబొయ్. మైలది మిగిల్తే బిడ్డకు తగులుతాది” అంది. అన్నీ పారబోశాను. డబ్బా దగ్గర చెయ్యి ఆగింది. ఆయన మాట గుర్తుంది. మరిచిపోయి చేశానని చెప్పుకోలేను. అప్పుడే మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, బిడ్డకు తగులుతుందంటే నిలవలేకపోయాను. పన్నెండు గొట్టాలు. మూతలు తీసి, మసిలే నీళ్లు పోసి, పసుపు రాసి బోర్లించాను.

సాయంత్రం అమ్మాయి ఫ్రిజ్ తెరిచింది.

“అమ్మా, నా డబ్బా యాడ?”

“మీ అత్త కడిగేసినట్టుండాది.”

నోట్లోంచి వచ్చేసింది. అది ఏడవలేదు. గొట్టాలను ఒక్కొక్కటే ఎత్తి వెలుతురులో చూసింది. “నాయన పెరికిచ్చిన చెట్లమ్మా అవి. ఆ చేను పీకేసినాం గదా, మళ్లీ యాడ తెచ్చేది?” అంది.

ఆనాటి నుంచి మేనత్తతో మాట్లాడలేదు. పాపం ఆ ఆడబిడ్డ, “పాప నా మీద ఎందుకు అలిగింది వదినా?” అని నన్నే అడుగుతుంది.

అమ్మాయి శోళవరం దగ్గర ఎవరి చేనులోనో చెట్లు అడుక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టింది. అవి సరిగా పెరగలేదట. ఈ రోజు కాలేజీలో వాళ్ల మేడం ముందు చూపించాలి. ఆమె ఒప్పుకుంటేనే పట్టా, పట్టా ఉంటేనే ఆ ఉద్యోగం. పొద్దున ఏమీ తినకుండా పోయింది. ఫోన్ మోగినా నేను ఎత్తడం లేదు. బాగా జరిగిందని తెలిశాక చెబితే అది చెప్పినట్టు కాదు. అందుకే అది రైలు దిగేలోపు, దాని చేతికివ్వడానికి రాయిస్తున్నాను. అరవం అది గడగడా చదువుతుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నిదానంగా చదవడమే మేలు.

తమ్ముడా, నేనే పోసినాను అన్న కాడ మెత్తగా రాసినావా ఏమన్నా? మొదట్నించి చదువు, ఇంటాను.