నీళ్లలో బుడగలు, నాయన బంతి

చిత్తూరులో పంక్చర్ షాపతను మా బండి ట్యూబును నీళ్లలో ముంచగానే బుడగలు లేచాయి. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మా నాయన కాలేజీ ఫుట్‌బాల్ కోచ్. బంతి బ్లాడర్లను పెరట్లో ఇలాగే బకెట్లో ముంచి చిల్లు వెతికేవాడు. ఇల్లంతా తడి తోలు వాసన. లేసు బిగించే ఆ తోలు బంతులు మీకు గుర్తున్నాయా?

ప్రాక్టీసు ఎగ్గొట్టాడని ఫైనల్ మ్యాచిలో మా అన్ననే బయట కూర్చోబెట్టాడు నాయన. అమ్మ బతిమాలితే, "నా కొడుకని ఆడిస్తే, దినామూ వచ్చే పిల్లోళ్ల మొగం ఎట్ల సూసేది?" అన్నాడు. ఒక్క గోలుతో ఓడిపోయారు.

రేపు మా అబ్బాయికి జిల్లా ఫుట్‌బాల్ జట్టు సెలక్షన్లు. సెలక్టరు నా స్నేహితుడే. షాపు ముందు అటూ ఇటూ తిరుగుతూ అతని నంబరు నొక్కడం, రింగవకముందే కట్ చేయడం.

"ఎవురికి నాయనా, అన్ని తూర్లు సేస్తా ఉండావు?" బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మావాడు అడిగాడు.

వాడి మొహం చూడలేక ఫోను జేబులో పెట్టేశాను.