పెళ్ళి మైకులో మా వదిన

మా వదినకు రహస్యం దాచడం చేతకాదు. పెళ్ళయిన కొత్తలో "విశేషమేమైనా ఉందా అమ్మా?" అని అడిగిన ప్రతివారికీ పూర్తి వివరం చెప్పేది. "నేను ఫిట్స్‌కి మందు వాడతానండీ. పాత మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదని వేరేది ఇచ్చారు. ఇది సరిపడిందని డాక్టరుగారు చెప్పాక ప్రయత్నిస్తాం." అడిగినవాళ్ళు నోట్లో పకోడీ నమలడం మరిచిపోయేవారు.

పామర్రులో మా బాబాయి కూతురి పెళ్ళిలో మా అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. అసలు మాత్రలే మానేస్తే మనవడు తొందరగా వస్తాడని, వదిన బ్యాగులోంచి మాత్రల డబ్బా తీసి దాచేసింది. అది చూసిన పిల్లలు వదినకు చెప్పేశారు. అడిగితే "నాకేం తెలుసు?" అంటూ కుచ్చెళ్ళు సర్దుకుంది. ఒక్క పూట తప్పినా ఫిట్స్ రావచ్చు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఏడవాలి కనుక మా అన్నయ్య సిద్ధమయ్యాడు. వదిన మాత్రం నేరుగా వెళ్ళి, భోజనాలకు పిలిచే మైకు అందుకుంది.

"పెద్దలందరికీ నమస్కారమండీ. నా ఫిట్స్ మాత్రలు మా అత్తయ్యగారి దగ్గరున్నాయి. ఎనిమిదింటికి వేసుకోవాలి. అత్తయ్యగారూ, డాక్టరుగారు మాత్ర మార్చారు గానీ మానమనలేదండీ. బిడ్డ రావాలంటే ముందు నేనుండాలి కదండీ."

సన్నాయి ఆగింది. పంతులుగారు మంత్రం ఆపి అమ్మ వైపు చూశారు. అమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచి డబ్బా బయటకు తీసింది.

"ఖాళీ కడుపున ఎలా వేసుకుంటావే? రెండు ముద్దలు తిని వేసుకో!" అని అందరికీ వినబడేలా కసిరి, వదినను బంతిలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది.