గొడుగు ఎందుకు?

పొద్దున ఏడుంబావు ప్యాసింజరుకి భువనగిరిలో ఎక్కాం, నేనూ యాదమ్మా. యాదమ్మ మా బడిలో మూడో తరగతి. తెలివి కొలిచే పరీక్ష నేనే పెట్టాను. దాని మార్కులు చూసి హెడ్మాస్టరు "మందమతి, పేరు తీసేద్దాం, సంతకం పెట్టండి" అన్నారు. చెయ్యాడలేదు. ఆ పరీక్ష తయారుచేసిన డాక్టర్ అనసూయగారినే అడుగుదామని బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, ఆ పాపం నా ఒక్కదాని నెత్తినే ఎందుకని కూడా.

తొమ్మిదిన్నరకి సికింద్రాబాదులో ఇడ్లీ తిని డాక్టరుగారుండే లాల్‌దర్వాజాకి సిటీబస్సెక్కాం. లాల్‌దర్వాజా మీరెప్పుడైనా వెళ్తే తలుపు దగ్గరే కూర్చోండి, చార్మినారు దాటాక దిగడానికి దారుండదు. కండక్టరు "ఛత్రినాక! ఛత్రినాక!" అని స్టాపు పేరు అరుస్తుంటే యాదమ్మ కిసుక్కున నవ్వింది.

"గీ బస్సు ఛత్రీల కాడికి వోతదా పంతులమ్మా?"

"ఛత్రీలేమిటే?"

"గదే, ఆన వడితె నెత్తిమీద వట్టుకుంటరు గద!"

అప్పుడు తట్టింది నాకు. పరీక్షలో "గొడుగు ఎందుకు?" అంటే ఇది "కూరొండనీకి" అంది. పుట్టగొడుగనుకుంది! నేను సున్నా వేశాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆరేళ్లయింది, నాకేం చెవుల్లేవా?

పక్కన కూరల గంపతో ఉన్న మాదన్నపేట ఆవిడ "బిడ్డ మస్తు హుషారున్నదమ్మా!" అంది. తల దించుకున్నాను.

డాక్టరుగారిది సందులో రెండు గదుల అద్దె ఇల్లు, నిండా నోటుపుస్తకాలు. ఉద్యోగం కొత్తలో పరాయిదేశపు పరీక్ష పెట్టి, మంచు పడని ఊళ్ల పిల్లల్ని మంచుబొమ్మ గురించి అడిగారట. సిగ్గేసి, అప్పట్నుంచీ తెలుగులో ప్రశ్నలు రాస్తున్నారు. మార్కెట్లో ఆడవాళ్లు నోటితో కట్టే లెక్కలు కూడా రాసుకుంటారు. ఎంత ఓపికో!

భయపడుతూనే సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, అచ్చేసిన తన పుస్తకంలో 'గొడుగు' కొట్టేశారు.

"మాది గుడివాడండీ. ఛత్రినాక పక్కనే కాపురముండి కూడా తోచలేదు చూడండి! యాదమ్మా, ఛత్రీతో ఇంకేం చెయ్యొచ్చు?"

"ఉల్టా మలిపి వెడితె రేగువండ్లు వోసుకోవచ్చు. కొంకితోని కొమ్మ గుంజొచ్చు. కోడిపిల్లల మీద కమ్మొచ్చు, గద్ద రాకుంట."

"ఆగమ్మా, రాసుకోనీ! ఈ కోడిపిల్లల జవాబు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు."

తప్పు పరీక్షది, పిల్లది కాదని హెడ్మాస్టరుకి ఉత్తరం రాసిచ్చారు.

నాలుగింటి బండిలో తిరుగుప్రయాణం. పెద్ద చదువులవాళ్లని చాలామందిని చూశాను. తన తప్పుని అంత సంతోషంగా కొట్టేసిన మనిషిని మాత్రం ఈవేళే చూశాను. బీబీనగర్ దాటాక గుర్తొచ్చింది, పోయినేడు మా బడి ఎల్లమ్మకీ అదే జవాబుకి సున్నా వేశాను. పేరు తీసేసే కాగితం మీద సంతకం కూడా పెట్టాను.

"ఎల్లమ్మ ఇల్లు తెలుసా యాదమ్మా?"

"ఎర్కే. మా వాడకట్టే. మేకల కాడికి వోతున్నది."

"దిగ్గానే అక్కడికి తీసుకెళ్లు."

యాదమ్మ కిటికీలోంచి మబ్బు చూసింది. "ఆనొచ్చెటట్టున్నది పంతులమ్మా. ఛత్రీ దెచ్చినవా?"

"లేదే. తడిసే వెళ్దాం."