చిల్లకల్లు దాటాక ఆగిన కారు

మొన్న నువ్వు హైదరాబాదు నుంచి వస్తూ దారిలో కారు ఆపేసి నాకు ఫోను చేశావు చూడు, అప్పట్నించీ ఇదంతా నా బుర్రలో తిరుగుతోంది. ఎర్ర లైటు వెలిగిందనీ, ముందునించి ఆవిరొస్తోందనీ నువ్వు కంగారు పడుతుంటే, "మూత ముట్టుకోకు, ఇంజను ఆపి నీడలో కూర్చో" అన్నాను. అంత కంగారులోనూ నవ్వావు. "అమ్మమ్మా, కారు సంగతి నీకేం తెలుసు?" అన్నావు. నాకేం తెలుసో ఇప్పుడు చెబుతాను, రాసుకో. మధ్యలో ప్రశ్నలు వేయకు. వేస్తే నేను ఇంకో దారిలో పడిపోతాను, మళ్ళీ వెనక్కి తెచ్చుకోవడం నీకే కష్టం.

నందిగామలో మా నాన్న ఒక పాత కారు కొన్నాడు. యాభైల్లో మాట. ఎవరో దొర వాడి వాడి వదిలేస్తే రెండు మూడు చేతులు మారి మా వాకిట్లోకి వచ్చింది. నల్లగా, పొడుగు ముక్కుతో, బానెట్టు రెండు పక్కలా రెక్కల్లా లేచేది. మా అమ్మ దాన్ని 'దున్న' అనేది. ఎండ తగిలితే చాలు, నీళ్ళు తాగితే గాని అడుగు వెయ్యదు కదా, అందుకు. వేసవి వచ్చిందంటే నాన్న ఆ రెక్కలు రెండూ ఊడదీసి కొట్లో పెట్టేసేవాడు, గాలి ఆడాలని. చొక్కా విప్పుకుని వీధిలో కూర్చున్న పెద్దమనిషిలా ఉండేది అది. తెల్లారకుండా బయల్దేరడం, పొద్దెక్కకుండా చేరుకోవడం. వెనక సీటులో నేను, నా కాళ్ళ మధ్య నీళ్ళకుండ. కుండ తొణక్కుండా పట్టుకోవడం నా ఉద్యోగం. గతుకు వచ్చినప్పుడల్లా నా పరికిణీ తడిసేది. అన్నయ్య ముందునుంచి తిరిగి చూసి, "ఇంజనుకి పొయ్యమంటే నువ్వు తానమాడుతున్నావేంటే" అనేవాడు.

ఆ నీళ్ళ గురించి కూడా చెప్పాలి. మన పక్క నేలంతా సున్నపురాయి. బావినీళ్ళు కాస్తే గిన్నెకి తెల్లగా పొర కడుతుంది. అవే నీళ్ళు పోస్తే రేడియేటర్ సన్నగొట్టాలన్నీ మూసుకుపోయి ఇంజను ఇంకా వేడెక్కేది. అందుకని నాన్న వానాకాలం చూరునీళ్ళు పట్టి గాబులో దాచేవాడు. ఆ నీళ్ళయితేనే కందిపప్పు మెత్తగా ఉడుకుతుందని అమ్మ కన్ను కూడా వాటిమీదే. పప్పుకా, కారుకా అని మా ఇంట్లో ఎండాకాలమంతా తగువే. ఒకసారి గొట్టాలు పూడుకుపోయి నాన్న తల పట్టుకుంటే, అమ్మే చెప్పింది, "రాగిచెంబుకి చిలుం పడితే చింతపండు పెట్టి తోమమా? దానికీ అదే పొయ్యండి" అని. నాన్న నిజంగానే చింతపండు పిసికి పోశాడు. కారు మరిగింది చూడూ, బజారంతా చారు వాసన. "తాలింపు ఒక్కటే తక్కువండీ" అంది అమ్మ గుమ్మంలో నిలబడి. విచిత్రం ఏమిటంటే ఆ తర్వాత కొన్నాళ్ళు అది బాగానే నడిచింది.

నాకు పని నేర్పింది మాత్రం అన్నయ్య. మూతకి గోనెగుడ్డ చుట్టాలి, మొహం పక్కకి తిప్పుకోవాలి, కొంచెం మెలిక తిప్పి ఆగాలి, బుస్సుమని ఆవిరంతా పోయాకే మూత తియ్యాలి. నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే ఇనుము పగులుతుంది, ఇంజను తిరుగుతుండగానే కొద్దికొద్దిగా పొయ్యాలి. ఒకసారి తొందరపడి ఉత్తచేత్తో తీసి, అరచెయ్యి కాల్చుకుని, వెన్నపూస పెట్టుకుని తిరిగాడు. అప్పట్నించీ పొద్దున పూట చల్లగా ఉన్న కారుకి కూడా గుడ్డ లేకుండా చెయ్యి పెట్టేవాడు కాదు.

నాకు జగ్గయ్యపేట సంబంధం కుదిరింది. పెళ్ళయిన కొన్నేళ్ళకి నాన్న పోయాడు. కారు అన్నయ్య చేతికి వచ్చింది, ఇంటి పెత్తనం మా పెద్దమ్మ చేతికి వెళ్ళింది. పెద్దమ్మంటే నాన్నకి వదిన. ఆవిడ మాట మీద మాట లేదు మా ఇంట్లో. అమ్మకి ఆ ఏడు జబ్బు చేసి మంచం పట్టింది. నేనేమో కడుపుతో ఉన్నాను, ఆరో నెల. ఆ కడుపులో ఉన్నది మీ అమ్మే.

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం మా వీధిలో ఆ కారు మోత వినపడింది. ఆ వేళప్పుడు ఆ కారు బయటికి తీయరు, అందుకే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చాను. అన్నయ్య లోపలికి కూడా రాలేదు. "అమ్మకి బాలేదే. నిన్ను చూడాలంటోంది, తీసుకొస్తానని మాటిచ్చా. పద" అన్నాడు. మా అత్తగారు కొంచెం సందేహించి, "కడుపుతో ఉన్న పిల్ల నాయనా, జాగ్రత్త" అంది. అన్నయ్య తల దించుకుని, "నాకు తెలుసండీ" అన్నాడు. ఆ తల దించడం నేను అప్పుడు పట్టించుకోలేదు.

చిల్లకల్లు దాటామో లేదో కారు రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపాడు. వేడెక్కిందన్నాడు. దిగి నీళ్ళు పోశాడు, చాలాసేపు కూర్చున్నాం. బయల్దేరి కొంచెం దూరం పోగానే మళ్ళీ ఒక తుమ్మచెట్టు కింద ఆపాడు. నేను లోపల కూర్చోలేక దిగి ముందుకి వచ్చాను. అన్నయ్య నన్ను చూసుకోలేదు. ఉత్తచేత్తో మూత తీస్తున్నాడు. గుడ్డ లేదు, మొహం తిప్పుకోవడం లేదు, బుస్సుమన్న చప్పుడు లేదు. కుండ వంచగానే నీళ్ళు బళ్ళున పొర్లి మట్టిలో పడ్డాయి. రేడియేటర్ నిండుగా ఉంది. అసలు ఒక్క చుక్క తగ్గలేదు.

"అన్నయ్యా, ఇది కాగలేదు" అన్నాను.

కుండ చంకన పెట్టుకుని మూత బిగించాడు.

"అమ్మ పోయిందా? అది చెప్పలేక ఆపుతున్నావా?"

"లేదే. అమ్మ ఉంది" అన్నాడు.

పోయిందని చెబితే ఏడ్చేదాన్ని. ఉందన్నాక ఏం చెయ్యాలో తోచలేదు. "ఉంటే ఇక్కడెందుకు ఆగాం?" అన్నాను. కుండ కింద పెట్టి, నా వైపు చూడకుండా చెప్పాడు. "ఇయ్యాళ గడవదన్నాడు డాక్టరు. కడుపుతో ఉన్నది ప్రాణం పోయేటప్పుడు ఎదురుగా ఉండకూడదంది పెద్దమ్మ. బిడ్డకి మంచిది కాదంట. అయ్యేదేదో అయ్యాక తీసుకురా, దారిలో మెల్లిగా రా అంది. నేనేం చేసేదే?"

అమ్మకి కాదనలేక బయల్దేరాడు. పెద్దమ్మకి కాదనలేక ఆగాడు. ఇద్దరిలో ఎవరినీ నొప్పించలేదు మా అన్నయ్య.

నేను నడవడం మొదలుపెట్టాను. నందిగామ వైపు, ఆ ఎండలో, ఆ పొట్టతో. కాళ్ళ కింద కంకర నిప్పులా ఉంది. వెనకాలే కారు మెల్లిగా వస్తోంది. "ఎక్కవే, నీకు పుణ్యముంటుంది. ఇక ఆపను, ఒట్టు" అంటున్నాడు. అన్నయ్య ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు. కళ్ళు తిరిగి ఎక్కాను. ఆ తర్వాత నిజంగానే ఆపలేదు. అంబారుపేట దాటేసరికి ఇంజను ఈసారి నిజంగా వేడెక్కి ఆవిరి అద్దాన్ని కమ్మేసింది, అయినా ఆపలేదు.

మా వీధి మొదట్లోనే పెద్దమ్మ ఎదురొచ్చింది. కారు దిగనివ్వలేదు. "అయిపోయిందమ్మాయ్, ఇందాకే. లోపలికి రాకు, పక్కింట్లో కూర్చో" అంది. పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. మా ఇంటి గోడ నాకు చేతికందేంత దూరంలో ఉంది. పక్కింటి పిన్నిగారు నా తల నిమురుతూ, మంచిదే కదా అనుకుని చెప్పింది, "కడదాకా తెలివిలోనే ఉందమ్మా. రోడ్డు మీద ఏ మోత వినపడ్డా, మన కారేనా చూడండి అనేది" అని.

మీ అమ్మ నిక్షేపంగా పుట్టింది. బారసాలనాడు పెద్దమ్మ పిల్లని ఎత్తుకుని నలుగురిలో అంది, "చూశారా, ఆనాడు నేను గట్టిగా ఉండబట్టి బిడ్డ ఇట్టా ఉంది." అందరూ తలలూపారు. చేతిలో పచ్చటి బిడ్డ ఉంటే నేను దేనితో వాదించను? అన్నయ్య మాత్రం ఆ ఏడే కారు అమ్మేశాడు. మా ఇంటికి బస్సులో వచ్చేవాడు. వస్తే కాఫీ ఇచ్చేదాన్ని, పిల్లల కబుర్లు చెప్పేదాన్ని, పండక్కి పెట్టిన చీర కట్టుకునేదాన్ని. ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తుతాడేమోనని చూసేదాన్ని. ఎత్తలేదు. పోయేముందు నన్ను చూడాలన్నాడంటే వెళ్ళాను, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నన్నెవరూ దారిలో ఆపలేదు.

నన్ను మోసం చేసింది పరాయివాడైతే ఎప్పుడో మర్చిపోయేదాన్నేమో. నా మంచికే అన్నారు, అది నిజమే అయుండొచ్చు, ఇప్పటికీ నాకు తెలీదు. దేవుడు నాకు ఇన్నేళ్ళ ఆయుష్షు ఇచ్చాడు, అందులో సగం ఏం చేశానో కూడా గుర్తులేదు. ఆ మధ్యాహ్నం చెట్టు కింద పోయిన కాసేపటికి బదులుగా మాత్రం ఈ ఏళ్ళలోంచి ఎంత తీసి ఇద్దామన్నా పుచ్చుకునేవాళ్ళు లేరు.